అయిదో నెలలో ఏడు చిల్లులు

మా ఇంట్లో డ్రిల్లు నాది, ఆయనది కాదు. ఎవరింటికి పట్టుకెళ్లినా "మీ ఆయన పంపారా?" అని అడుగుతారు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. కూరగాయల సంచిలో అడుగున పట్టేంత చిన్నది. తీగ ఉండదు, పిడి కింద బ్యాటరీ ఉంటుంది. ఒక గంట ఛార్జింగు పెడితే నెల రోజుల ఇంటిపనికి సరిపోతుంది. ముచ్చటపడి కొనుక్కున్నది కాదు, కోపంతో కొన్నది. రెండేళ్లకు పైనే అయింది. డ్రిల్లుకి బ్యాటరీ అయిపోతుంది గాని ఆ కోపం ఇంకా అయిపోలేదు.

తెనాలిలో మేముండేది ఒక మేడ మీది వాటా. అప్పటికి మా అమ్మాయికి రెండున్నరేళ్లు, రెండోసారి నాకు అయిదో నెల. పిల్లల బట్టలకని అయిదు సొరుగుల చెక్క బీరువా ఒకటి తెప్పించాం. ముక్కలుగా వచ్చింది. బిగించడానికి వచ్చినతను గంటసేపు కూర్చుని నిలబెట్టాడు. చివర్లో రెండు ఇనప పట్టీలు, డ్రిల్లు బయటికి తీశాడు. నన్ను చూడటానికని బాపట్ల నుంచి వచ్చిన మా వదిన, అంటే మా ఆయనకి అక్క, అప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏంటి బాబూ ఆ మిషను?"

"గోడకి బిగించాలండి. సొరుగులన్నీ ఒకేసారి లాగితే ముందుకి పడుద్దండి."

"అమ్మాయికి అయిదో నెల. ఇంట్లో మేకులూ చిల్లులూ పనికిరావు."

"అయ్యో, ముందే చెప్పలేదేంటండి! మా ఇంట్లోనూ అంతేనండి," అని అతను వేడి వస్తువు ముట్టుకున్నట్టు డ్రిల్లు పెట్టెలో పెట్టేశాడు. పట్టీలు, మరలు ఒక కవరులో వేసి కింది సొరుగులో పడేశాడు. "పురుడయ్యాక పిలవండమ్మా, అయిదు నిమిషాల పని."

కడుపుతో ఉన్న ఆడమనిషి ఉండే ఇంట్లో గోడకి మేకు కొట్టకూడదని మా వైపు ఒక పట్టింపు. కొడితే ఆ దెబ్బ లోపలి బిడ్డకి తగులుతుందట. ఆమె భర్తకీ ఉన్నాయి పట్టింపులు. జుట్టు, గడ్డం తీయించుకోకూడదు, సముద్రస్నానం చేయకూడదు. మా ఆయన ఆఫీసుకి గడ్డంతో ఎలా వెళతారని మొదటిదానికి మినహాయింపు దొరికింది. స్నేహితులతో సూర్యలంక వెళ్లి సముద్రంలో మునిగొస్తే, "సర్లే, కుర్రాళ్లంతా కలిసి వెళ్లారు" అన్నారు. గోడకి మాత్రం మినహాయింపు లేదు.

"వదినా, పిల్ల పాకి ఎక్కుతుందేమో," అన్నాను. నాకు మామూలుగానే భయాలెక్కువ. కిటికీ రెక్క, గ్యాసు గొట్టం, పెసరగింజ, దేన్ని చూసినా అది పిల్లని ఏం చేయగలదో ముందు కనిపిస్తుంది.

"చదువుకున్నవాళ్లకి అన్నీ అనుమానాలే," అంది మా వదిన. "నీకు బీరువా పడుతుందని భయం. నాకు లోపల ఉన్నదానికి ఏమవుతుందోనని భయం. ఏది పెద్దదో నువ్వే చెప్పు."

ఏం చెప్పను? నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్న నోటికి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. కాని ఇక్కడ చెప్పబోయేది ఆ సంగతి కాదు.

పన్నెండు రోజుల తర్వాత, పొద్దున టిఫిన్ తిన్న కాసేపటికి కడుపులో తిప్పి బాత్రూంలోకి పరుగెత్తాను. తలుపు దగ్గరికి వేశానే గాని గడియ పెట్టలేదు. కుళాయి తిప్పి, గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాను. లారీలోంచి బస్తా జారిపడ్డట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నన్ను చంపింది ఆ రెండోదే.

పిల్ల కింది మూడు సొరుగులూ లాగి, మెట్లలాగా ఎక్కింది. బీరువా ముందుకి ఒరిగి మంచం అంచు మీద ఆగింది. మంచం అడ్డం లేకపోతే ఏమయ్యేదో నేను రాయను. ఎడమ మణికట్టు ఎముక చిట్లింది, గడ్డం మీద మూడు కుట్లు పడ్డాయి.

సాయంత్రానికి రేపల్లె నుంచి అత్తయ్య, బాపట్ల నుంచి వదిన, అన్నయ్యగారు దిగారు. అన్నయ్యగారంటే మా వదిన భర్త. పిల్ల కట్టుతో నా ఒళ్లో పడుకుని ఉంది. ఎలా జరిగిందని అత్తయ్య అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా వదిన అందుకుంది.

"కడుపుతో ఉన్నప్పుడు మత్తుగా ఉంటుందిగా అమ్మా. కన్నంటుకుపోయి ఉంటుంది. పాపం, దాన్నేమీ అనకు."

"నేను నిద్రపోలేదు. బాత్రూంలో ఉన్నాను," అన్నాను.

"సర్లేమ్మా, ఇప్పుడు నిన్నెవరు ఏమన్నారు?" అంది, నా తల నిమురుతూ.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ఆమె నన్ను వెనకేసుకొచ్చింది. వెనకేసుకొస్తూ నేరం నా ఒళ్లో పెట్టి వెళ్లింది. గోడకి బిగించొద్దన్నదెవరో ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. మా ఆయనకి తెలుసు. ఆయన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆ వారంలోనే డ్రిల్లు తెప్పించాను. "పురుడయ్యాక చూద్దాంలే," అన్నారు ఆయన. "పురుడయ్యాక కాదు," అన్నాను. ఆయన ఆఫీసుకి వెళ్లాక, పిల్లని కింద వాటావాళ్ల దగ్గర దింపి, తలుపు వేసుకుని మొదలుపెట్టాను. నేను డిగ్రీ చదివింది రసాయనశాస్త్రం, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పది నిమిషాలు నొక్కినా గోడ మీద సున్నం రాలడమే గాని చిల్లు పడలేదు. చేతులు పీకాయి, ఏడుపొచ్చింది. చివరికి చూస్తే పక్కనున్న మీట తిరగబడి ఉంది, చిల్లు పెట్టే బిట్టు వెనక్కి తిరుగుతోంది. దాన్ని సరిచేసి పెడితే వెన్నలో దిగినట్టు దిగింది. నాలుగు చిల్లులు చాలు. కొలత తప్పి మూడు ఎక్కువ పడ్డాయి. మొత్తం ఏడు. పట్టీలు బిగించి, బీరువాని రెండు చేతులా లాగాను, కాలు గోడకి తన్నిపెట్టి లాగాను. కదల్లేదు.

ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషం లాంటిది ఆ తర్వాత మళ్లీ కలగలేదు. అది సాయంత్రం దాకానే నిలిచింది. దీపం పెట్టే వేళకి భయం మొదలైంది. చదువుకున్నాను, ఇదంతా వట్టిదని తెలుసు. తెలిసి కూడా నాలుగు నెలలు లోపలివాడి ప్రతి కదలికా లెక్కపెట్టాను. కదలడం ఆలస్యమైతే ఆ ఏడు చిల్లులూ కళ్ల ముందు నిలిచేవి. వాడు పుట్టాక నర్సు చేతుల్లోంచి అందుకుని ముందు చెవులు చూశాను, చెవుల పక్కన చూశాను, నోరు తెరిచి అంగిలి చూశాను. ఎక్కడా చిల్లు లేదు. అప్పుడు ఏడ్చాను. ఆనందంతో ఏడుస్తున్నానని మా వదిన అందరికీ చెప్పింది. నా గురించి ఆమెకి ఎప్పుడూ అన్నీ తెలుసు.

ఆ చిల్లుల సంగతి ఎవరికీ చెప్పలేదు. పురుడయ్యాక గోడకి ఎవరో బిగించి ఉంటారని అందరూ అనుకున్నారు. మా ఆయన చూసినా అడగలేదు.

తర్వాత డ్రిల్లు చేతికి అలవాటైంది. కర్టెన్ల రాడ్లు, దోమల జాలీలు, దండేనికి కొక్కేలు, వంటింట్లో గరిటెలు తగిలించే పట్టీ అన్నీ బిగించాను. కింద వాటావాళ్ల కుక్కరు పిడి కూడా దాంతోనే బిగించాను. అన్నయ్యగారు ఫోన్లో "ఏం ఇంజనీరమ్మా, ఇవాళ ఎవరి గోడ కూల్చారు?" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఒకసారి రేపల్లెలో అత్తయ్య వాళ్లింట్లో స్టూలెక్కి వరండాలో కొక్కెం బిగిస్తున్నాను. పక్కింటి పిన్నిగారు వచ్చి కూర్చున్నారు. అత్తయ్య ఆవిడకి మా అమ్మాయి గడ్డం ఎత్తి చూపిస్తోంది.

"ఈ మచ్చేంటి వదినగారూ?"

"అదా, దీని తల్లి కడుపుతో ఉండి పడుకుంది. ఇదేమో బీరువా మీదేసుకుంది."

అప్పటికి మా అమ్మాయికి నాలుగు దాటాయి. స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు అందుకుంది. "అమ్మ బజ్జుంది. బీరువా పడింది. నాకు కట్టు కట్టారు."

నేను స్టూలు మీదే ఉన్నాను. చేతిలో బిట్టు తిరుగుతూనే ఉంది. కిందికి దిగి, పిల్లని లోపలికి తీసుకెళ్లి, "నేను నిద్రపోలేదమ్మా" అని చెప్పాను. "నాన్నమ్మ చెప్పింది," అంది అది. నాన్నమ్మ చెప్పింది, కాబట్టి నిజం. ఎవరేం అనుకున్నా భరించవచ్చు. కాని ఇది పెద్దదై, పెళ్లయి, తన పిల్లలకి గడ్డం మీద మచ్చ చూపిస్తూ ఈ కథే చెబుతుంది. అందులో నేను ఎప్పటికీ నిద్రపోతూనే ఉంటాను. ఆ రోజే తీర్మానించుకున్నాను. ఈ మాటని పుట్టించిన నోటితోనే, నా కూతురు వినేట్టు, వెనక్కి తీసుకునేట్టు చేయాలి.

ఎలాగో తెలియలేదు. ఆ దారి ఈ ఏడాది ఆమే తెరిచింది.

మా వదిన కూతురు మొదటి పురిటికి ఏడో నెలలో బాపట్ల వచ్చింది. వచ్చిన వారానికి బాత్రూంలో కాలు జారింది. తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది గాని, డాక్టరమ్మ కేకలేసి, గోడకి స్టీలు రాడ్డు బిగించమని చెప్పిందట. మా వదిన ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నీ మిషను తీసుకుని ఒకసారి రావా?"

"అక్కడ ప్లంబర్లు లేరా వదినా?"

"ఉన్నారు. బయటివాళ్లొస్తే వీధంతా చూస్తుంది. అమ్మకి తెలిస్తే ఊరుకోదు. నువ్వయితే ఇంట్లో మనిషివి, అయిదు నిమిషాల్లో అయిపోతుంది."

అయిదు నిమిషాల పని. రెండేళ్ల కిందట బీరువా బిగించడానికి వచ్చినతనూ ఇదే మాట అన్నాడు. "వస్తాను వదినా," అన్నాను. నా గొంతులోని తియ్యదనానికి నాకే ఆశ్చర్యం వేసింది.

ఆదివారం చిన్నవాణ్ని ఆయన దగ్గర వదిలి, మా అమ్మాయితో బాపట్ల రైలెక్కాను. సంచిలో డ్రిల్లు, టైలుకి వాడే బిట్టు, చిల్లుల్లో దించే ప్లాస్టిక్ ప్లగ్గులు, టేపు. దారి పొడుగునా ఏమనాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను.

ఆ ఇంట్లో నలుగురున్నారు. అన్నయ్యగారు పేపరు చదువుతున్నారు. కోడలు, అంటే వాళ్లమ్మాయి, మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. దాని చీలమండలు వాచి ఉన్నాయి. నన్ను చూసి, "అత్తా, నువ్వొచ్చావు, ఇక నాకు బెంగ లేదు," అంది. మా అమ్మాయి దాని పక్కన చేరి పొట్ట మీద చెవి పెట్టింది. వంటింట్లో పనిమనిషి గిన్నెలు తోముతోంది. ఆమె వెళ్లేదాకా మా వదిన నన్ను సంచి విప్పనివ్వలేదు.

బాత్రూంలో టైలు మీద టేపు అంటించి, కొలత తీసి, పెన్సిలుతో నాలుగు గుర్తులు పెట్టాను. బ్యాటరీ తగిలించాను. అప్పుడు డ్రిల్లు మా వదిన వైపు చాపాను.

"మొదటిది మీరు పెట్టండి వదినా."

"నాకేం చేతనవుతుంది?"

"మీట నొక్కడమే. నేను పట్టుకుంటాను."

"నువ్వు కానిచ్చెయ్యమ్మా, అవతల వంట ఉంది."

"అమ్మాయి కడుపుతో ఉంది కదా. మేకులూ చిల్లులూ పనికిరావు కదా. నా చేత్తో నేను పెట్టను. మీ పట్టింపు, మీ కూతురు, మీ చెయ్యి."

మా వదిన నా మొహం చూసింది. ఎందుకొచ్చానో అప్పుడు అర్థమైంది. బాత్రూం తలుపు దగ్గరికి లాగి, గొంతు తగ్గించింది.

"నాకు మొదటిది పోయింది, తెలుసుగా. ఏడో నెలలో. అప్పుడు మీ అన్నయ్యగారు ఇంట్లో అటక వేయిస్తున్నారు. రోజంతా గోడలు కొట్టారు. దాని వల్లనే పోయిందని మా అత్తగారు చచ్చేదాకా అంటూనే ఉంది. అది నిజమో కాదో నాకు తెలియదు. నా చేత మాత్రం చేయించకు."

డ్రిల్లుకి దూరంగా గోడ వైపు జరిగింది. ఆ భయం నాకు కొత్త కాదు. ఏడు చిల్లులు పెట్టిన రోజు సాయంత్రం నన్నూ అదే పట్టుకుంది. జాలి కలగాలి. కొంచెం కలిగింది కూడా. దాన్ని పక్కకి నెట్టాను.

"ఇంత భయం ఉన్నవారు, ఆ రోజు ఈ మాటే చెప్పి ఉంటే నేను మీ కాళ్లు పట్టుకునేదాన్ని," అన్నాను. "దీన్ని దాచి, నేను నిద్రపోయానన్నారేం?"

నేలమీది చెంబు తీసి బకెట్టులో వేసింది.

"మీ అత్తగారు మిమ్మల్ని అన్నట్టే మీరు నన్ను అన్నారు."

"అది వేరు..." అని ఆగిపోయింది.

"అయితే రెండిట్లో ఒకటి చేయండి. మీట నొక్కండి. లేదా ఇప్పుడు రేపల్లెకి ఫోన్ చేసి, ఆ రోజు ఏం జరిగిందో అత్తయ్యకి చెప్పండి. స్పీకర్ పెట్టి. మా అమ్మాయి ముందు."

ఆమె రెండూ చేయకపోయినా నేను ఆ రాడ్డు బిగించే వచ్చేదాన్ని. వాచిన కాళ్లతో ఉన్న పిల్ల ఆ తడి టైళ్ల మీద నడుస్తుందని తెలిసి, నేను రైలెక్కగలిగే మనిషిని కాను. ఆ సంగతి మా వదినకి మాత్రం తెలియనివ్వలేదు.

మా వదిన తలుపు తీసింది. తర్వాత గదిలోకి వెళ్లి, మంచం అంచున కూర్చుని ఫోన్ తీసి, స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నేను."

"ఏంటే ఈ టైములో? అమ్మాయి బాగుందా?"

"బాగుంది. ఒక మాట చెబుదామని. తమ్ముడింట్లో బీరువా పడింది చూడు... దాన్ని గోడకి బిగించొద్దన్నది నేను. బిగించేవాడు డ్రిల్లు తీస్తే నేనే ఆపాను. మరదలు నిద్రపోలేదు. బాత్రూంలో వాంతి చేసుకుంటోంది. నిద్రపోయిందని నేనే అన్నాను, ఊరికే."

అటువైపు టీవీ మోగుతోంది.

"ఇప్పుడెందుకే అవన్నీ?" అంది అత్తయ్య. "అయిపోయినవి."

"అయిపోలేదు అత్తయ్యా," అన్నాను నేను. "మొన్న కూడా పిన్నిగారికి చెప్పారు. ఇక ఎవరికి చెప్పినా ఇలాగే చెప్పండి."

"నువ్వూ అక్కడే ఉన్నావా! సర్లేమ్మా. ఇంతకీ నువ్వు బాపట్లలో ఏం చేస్తున్నావు?"

"బాత్రూంలో చిల్లులు పెడుతున్నాను. ఆ బీరువాకి ఏడు చిల్లులు పెట్టింది కూడా నేనే. అయిదో నెలలో. మీ మనవడికి ఏమీ కాలేదు."

టీవీ ఆగింది. అత్తయ్య ఏమందో చెప్పను. చాలానే అంది. అందులో సగం నన్ను, సగం తన కూతుర్ని. అన్నయ్యగారు పేపరు కిందికి దించలేదు గాని పేజీ తిప్పడం మానేశారు. కోడలు ఒక చేత్తో నోరు మూసుకుని, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని చూస్తోంది.

మా అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, వాంతి అయిందా నీకు?"

"అయింది."

"మరి నేను పిలిస్తే వినపడలేదా?"

"కుళాయి తిప్పి ఉందమ్మా."

"కుళాయి కట్టెయ్యాలి," అంది. వినపడలేదా అన్నదే అది నన్నడిగిన మొదటి నిజమైన ప్రశ్న. జవాబు కూడా అదే చెప్పింది. అది చెప్పింది న్యాయంగానే ఉంది.

నాలుగు చిల్లులూ నేనే పెట్టాను. టైలు మీద బిట్టు కొంచెంసేపు జారుతుంది. తొందరపడితే పగులుతుంది. చెంచాతో నీళ్లు పోస్తూ నెమ్మదిగా దించాను. రాడ్డు బిగించి, దానికి వేలాడి చూశాను. కోడల్ని పిలిచి పట్టుకోమన్నాను. అది గట్టిగా పట్టుకుని, "అత్తా, నీకు అప్పుడు భయం వేయలేదా?" అంది మెల్లగా.

"వేసింది. నాలుగు నెలలు నిద్ర లేదు. ఏమీ కాలేదు. నీకూ కాదు," అన్నాను. మొదటి మూడు మాటలూ నిజం. నాలుగోది నాకు తెలిసినంత వరకు నిజం.

బయల్దేరేటప్పుడు మా వదిన గుమ్మం దగ్గర బొట్టు పెట్టింది. చేతిలో జాకెట్టు గుడ్డ పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మనసులో పెట్టుకోకమ్మా," అంది.

అక్కడ నేను అనాల్సిన మాట ఒకటుంది. ఎవరైనా అంటారు. ఫర్వాలేదు వదినా అని. అది అంటే ఆమె భుజాలు కిందికి దిగేవి, ఆ రాత్రి అన్నం తినేది. ఆ మాట నా నాలుక మీద దాకా వచ్చింది. రెండేళ్లు నేను మోసినదాన్ని ఆమె ఒక్క పూట కూడా మోయకుండా దించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"పెట్టుకుంటాను వదినా," అన్నాను. అని, పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

ఇది జరిగి మూడు వారాలు. కోడలికి వచ్చే నెలలో పురుడు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానంటే, దేవుడి దయవల్ల అంతా సవ్యంగా జరిగితే ఎవరికీ ఏమీ గుర్తుండదు. జరగకపోతే ఆ నాలుగు చిల్లులు ఎవరు పెట్టారో అందరికీ గుర్తుంటుంది. ఆ సంగతి తెలిసే పెట్టాను. పెట్టించిందెవరో, ఎందుకో, ఎవరి మాట మీదనో ఈసారి ముందే రాసి ఉంచుతున్నాను. మా వదిన తర్వాత నాకు ఫోన్ చేయలేదు. కోడలు మాత్రం చేస్తోంది. పురిటి సమయానికి నన్ను పక్కనుండమంది. వెళతాను. ఆ ఇంట్లో, మా వదిన కళ్లెదుట, ఎన్ని రోజులు ఉండమంటే అన్ని రోజులు ఉంటాను.